తొక్కగానే తటపటాయించే బండి

పాత అంబాసడర్ ఉన్నవాళ్లకు బాగా తెలిసిన రోగమిది. స్లోలో ఇంజన్ శుభ్రంగా తిరుగుతుంది, అరవైలో సాఫీగా పోతుంది. సిగ్నల్ దగ్గర గబుక్కున యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఒక్క క్షణం గుక్కపట్టి, ఆ తర్వాత ముందుకు దూకుతుంది. 'కార్బొరేటర్ కడిగించండి సార్' అని చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే చెప్పేస్తారు. అయినదానికీ కానిదానికీ కార్బొరేటర్‌ను ఆడిపోసుకోవడం మనకు అలవాటు. పాతతరం పెట్రోలు మెకానిక్కులు స్పానర్ పట్టేముందు అడిగేది ఒకటే: ఎప్పుడు? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? మెల్లగా తొక్కినా వస్తుందా, ఒక్కసారిగా తొక్కితేనేనా? వాళ్ల విద్యలో సగం ఈ ప్రశ్నల్లోనే ఉంది.

ఒక్కసారిగా తొక్కితేనే వస్తోందంటే కారణం తేలిక. థ్రాటిల్ తెరుచుకోగానే గాలి జొరబడుతుంది. పెట్రోలు బరువు కాబట్టి అంత త్వరగా కదలదు. ఆ అరక్షణం మిశ్రమం పలచబడి సరిగ్గా మండదు. ఈ లోటు పూడ్చడానికే అంబాసడర్‌కు వచ్చే సోలెక్స్ కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు పెట్టారు. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో లాగండి. లాగీలాగగానే పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. చుక్కలుగా కారినా, ఆలస్యంగా వచ్చినా పంపు డయాఫ్రమ్ గట్టిపడిందనో, జెట్‌లో నలక ఉందనో అనుమానించాలి. నలకను గాలి కొట్టి తీయాలే తప్ప తీగతో పొడవకూడదు. పొడిస్తే రంధ్రం పెద్దదై కొత్త జబ్బు మొదలవుతుంది.

కొన్ని అంబాసడర్లలో ఎస్‌యూ కార్బొరేటర్ ఉంటుంది. దానికి ఈ పంపే లేదు. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన స్కిన్నర్ సోదరులు చేసిన సరుకది. మొదట్లో దానికి తోలుతిత్తి ఉండేదంటే ఆశ్చర్యం లేదు! ఇందులో గాలి లాగుడుకు పిస్టన్ పైకి లేస్తుంది, దాని సూది జెట్‌లో కదులుతుంది. పిస్టన్ మరీ వేగంగా లేవకుండా డ్యాంపర్‌లోని నూనె అడ్డుకుంటుంది. అలా అడ్డుకున్న కాసేపూ జెట్ మీద లాగుడు పెరిగి పెట్రోలు కాస్త ఎక్కువగా వస్తుంది. నూనె అయిపోతే బండి తటపటాయిస్తుంది. పైమూత విప్పి మళ్లీ దించుతుంటే వేలికి అడ్డు తగలాలి. ఊరికే జారిపోతే కాస్త ఎస్‌ఏఈ 20 నూనె పోస్తే సరి. ఆ చెంచాడు నూనె చూడక మొత్తం కార్బొరేటర్ మార్పించుకున్నవాళ్లున్నారు.

ఎస్‌యూలో మిశ్రమం సరిగా ఉందో లేదో చూసే పద్ధతి మరీ ముచ్చటగా ఉంటుంది. స్లోలో తిరుగుతుండగా పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు లోపే ఎత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ఆగిపోబోతే తక్కువైంది. ఒక్క క్షణం పెరిగి మామూలైతే సరిగా ఉంది.

ఇక కార్బొరేటర్ తప్పేమీ లేని కేసులు. పాయింట్లు అరిగినా, వ్యాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్ చిరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, వ్యాక్యూమ్ గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే లోపలి ప్లేటు కదలాలి, కొస నాలుకతో మూస్తే అది అక్కడే నిలవాలి. పాతకాలం మెకానిక్కు ఇంకా ఇలాగే చూస్తాడు. థ్రాటిల్ స్పిండిల్ బుష్ అరిగి గాలి పీలుస్తుంటే, అక్కడ రెండు చుక్కల నూనె వేయగానే ఇంజన్ శబ్దం మారుతుంది. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడే మొరాయిస్తే అది వేరే సంగతి. ఈ ఇంజన్‌లో కార్బొరేటర్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి, ఆ వేడికి పెట్రోలు ఆవిరవుతుంది. డ్రైవర్లు పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టేది అందుకే.

అంబాసడర్ తయారీ 2014లోనే ఆగింది. పెట్రోలు మాత్రం మారిపోయింది: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కిలో పెట్రోలు మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే లోపలికొచ్చే గాలికి ఇంధనం మునుపటికన్నా ఎక్కువ పడాలి, పాత జెట్ మాత్రం మునుపటంతే ఇస్తుంది. ఇథనాల్‌కు పాత రబ్బరు భాగాలు పాడయ్యే బెడద దీనికి అదనం. ఇంజన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగి తొక్కితే తటపటాయింపు తగ్గిందా, మిశ్రమం పలచనే. అప్పుడు ఒక సైజు పెద్ద జెట్ వేసి, కాసేపు నడిపి, ప్లగ్గు విప్పి చూస్తారు. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా ఉంటే ఇంకా చాలలేదు, నల్లమసి పట్టిందంటే ఎక్కువైంది.