శంకరశాస్త్రి హాలు, ఆషాఢ మాసం

పోయిన మాఘంలో మా పిన్ని కొడుకు పెళ్లికి ఒంగోలు వెళ్లాను. ముహూర్తం తెల్లవారుజామున 3:30కి. 12 దాటేసరికి భోజనాల సందడి తగ్గింది, పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయారు. స్టేజీ పక్కన కూర్చున్న సన్నాయి మేళం పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, ఖరహరప్రియ ఆలాపన ఎత్తుకున్నారు. తొందరేం లేదు ఆయనకి. ఒక్కో స్వరం దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, మళ్లీ బయల్దేరుతున్నారు. పది నిమిషాలైందో లేదో వీడియో తీసే అబ్బాయి వచ్చి "కాసేపు ఆపండి, మాటలు రికార్డవట్లేదు" అన్నాడు. ఆపేశారు. ఆ తర్వాత డీజే మొదలైంది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళానికి మాత్రం మళ్లీ పిలిచారు.

కాఫీ దగ్గర అడిగాను: "కచేరీలు చేస్తుంటారా అండీ?"

"ఇక్కడా? ఇక్కడ పెళ్లిళ్లే బాబూ. కచేరీ అంటే అరవదేశం పోవాల్సిందే."

"మరి ఆషాఢంలో?"

"ఏముంటుంది, కూర్చోడమే."

హైదరాబాద్ బస్సులో ఆ రెండు జవాబులూ నాతోనే వచ్చాయి. ఇంటికొచ్చి 'శంకరాభరణం' మళ్లీ చూశాను. ఎందుకంటే చిన్న ఊళ్లో సంగీతం ఎలా చచ్చిపోతుంది, ఎలా బతుకుతుంది అన్న విషయంలో మన తెలుగువాళ్ల ఊహ మొత్తం 1980లో వచ్చిన ఆ ఒక్క సినిమాలోంచే వచ్చిందని నా అనుమానం.

కథ అందరికీ తెలిసిందే. శాస్త్రీయ సంగీతానికి రోజులు పోయాయి, కుర్రాళ్లకి పాశ్చాత్య మోజు పట్టింది, మహా విద్వాంసుడు పేదరికంలో మిగిలిపోయాడు. చివరికి తులసి తనకొచ్చిన ఆస్తితో ఆయన పేరు మీద ఒక హాలు కట్టిస్తుంది. ప్రారంభం రోజున శాస్త్రి పాడుతూ కూలిపోతాడు, తులసి కొడుకు ఆ పాట అందుకుంటాడు, గండపెండేరం పిల్లాడి కాలికి చేరుతుంది. ఈసారి కూడా ఏడ్చాను. దాచుకోవడం దేనికి.

కానీ ఈసారి ఒక సంగతి పట్టుకుంది. శంకరశాస్త్రి మొదట పోగొట్టుకున్నది తులసిని చేరదీసినందుకు. ఊరికి నచ్చనిది ఆయన పక్కనున్న మనిషి, ఆయన పాట కాదు. అక్కడ అభిరుచి గొడవే లేదు, అది పరువు గొడవ. సినిమా ఇంత నిజాయితీగా చూపించి, తర్వాత దాన్ని వదిలేసి నేరమంతా గిటార్ల మీదికి నెట్టేస్తుంది. మనమూ అలాగే నమ్మాం. అందుకే ఇవాళ డీజే అనగానే మొహం చిట్లిస్తాం. ఆ పెళ్లిలో డీజే కుర్రాళ్లు కూడా ఆ చుట్టుపక్కల వాళ్లే. వాళ్లకీ పెళ్లిళ్లే దిక్కు, వాళ్లకీ ఆషాఢంలో పని లేదు.

ఇక రెండో సంగతి, ఆ హాలు. ప్రారంభోత్సవం అయిపోయింది. మర్నాడు అందులో ఎవరు పాడారు? వచ్చే నెల ఎవరు పాడారు? వినడానికి ఎవరొచ్చారు, టికెట్టు ఎంత, మృదంగం ఆయనకి బస్సు ఛార్జీలు ఎవరిచ్చారు? సినిమా ఈ ప్రశ్నలు అడగదు. ఒక గొప్ప దాత, ఒక గొప్ప వారసుడు ఉంటే చాలనుకుంటుంది. ఆ ఊహ మన సాంస్కృతిక జీవితంలోకి యథాతథంగా దిగిపోయింది. మనకి సన్మానాలు ఉన్నాయి, శాలువాలు ఉన్నాయి, జ్ఞాపికలు ఉన్నాయి. వచ్చే నెల పిలుపు లేదు.

అది లేకపోతే ఏమవుతుందో ప్రకాశం జిల్లా నాదస్వరమే చెబుతుంది. షేక్ చిన మౌలానా 1924లో ఒంగోలు పక్కనే కరవదిలో పుట్టారు. తండ్రి దగ్గరా, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గరా నేర్చుకున్నారు. తంజావూరు బాణీ మీద మనసుపడి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణు దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. అక్కడే నాదస్వరం బడి పెట్టారు. 1998లో సంగీత కళానిధి వచ్చింది. 1999లో పోయారు. ఆయన శిష్యులు, మన ప్రాంతం నుంచే వెళ్లిన కలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ జాబితాలో వాళ్ల పేర్ల ఎదురుగా ఉన్న రాష్ట్రం తమిళనాడు.

దీన్ని "మనవాళ్లని మనం గుర్తించలేదు" అని రాసుకోవడం తేలిక. నేను కూడా ఒకసారి అలాంటి వాక్యమే రాశాను. ఇప్పుడది తప్పనిపిస్తోంది. గుర్తింపు మన దగ్గరా ఉంది. శ్రీరంగం చుట్టుపక్కల ఉన్నది వేరే. ఒక గుడి ఉత్సవం అవగానే ఇంకో గుడి ఉత్సవం, ఆ పక్క ఊళ్లో సభ, ఊరేగింపు వెంట నడుస్తూ రాగం ఎక్కడ తప్పిందో పట్టుకునే మనుషులు. నిన్న వాయించిన తోడి ఇవాళ్టి తోడి కంటే ఎందుకు బాగుందో వాదించుకునేవాళ్లు. ఆ వాదన ఉన్నచోటే విద్వాంసుడికి రేపు మళ్లీ సాధన చెయ్యాలనిపిస్తుంది.

మన దగ్గర వేడుక ఉంది, వినికిడి లేదు. సన్నాయి మేళం నాయీబ్రాహ్మణుల, దూదేకుల ముస్లింల కులవృత్తిగా నడిచింది కాబట్టి, అది ఊరికి చేసే సేవ అనుకున్నాం. మంగళవాద్యం అని పేరుపెట్టి గౌరవించాం, గౌరవించాం కాబట్టి వినక్కర్లేదనుకున్నాం. గాత్రవిద్వాంసుడు పాడుతుంటే మాట్లాడితే తప్పు. సన్నాయి మోగుతుంటే మాట్లాడుకోవడం మర్యాదే. మన దగ్గర కూర్చుని వినే చోట్లు అసలు లేవని కాదు. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ ఉంది, శ్రీరామనవమి పందిళ్లూ ఉన్నాయి. కానీ పందిరి ఏడాదికోసారి. ఏడాదికోసారి తిండితో ఎవరూ బతకరు.

కాబట్టి ఊరి సంగీతానికి సాయం అంటే నా లెక్కలో చాలా చిన్న పని. ముహూర్తాలు లేని నెలల్లో, మూఢాల్లో, కూర్చుని వినే ఒక సాయంత్రం. బడి వరండా చాలు. నాదస్వరానికి మైకు కూడా అక్కర్లేదు, ఆరుబయట పుట్టిన వాద్యం అది.

మాటలెందుకని ఆషాఢంలో ఒక స్నేహితుడితో కలిసి ఆ మేళాన్నే పిలిచాం. టికెట్టు 100 రూపాయలు. వచ్చింది 34 మంది, అందులో తొమ్మిదిమంది మా చుట్టాలు. వసూలైన డబ్బు సరిపోలేదు, మిగతాది మేమిద్దరం వేసుకున్నాం.

ఇక్కడ నేను సమీక్షకుణ్ణి కాబట్టి సమీక్ష రాయాలి. నివాళి వ్యాసాలు చాలా రాశాను గానీ, మా ప్రాంతం కచేరీ మీద ఒక్క సమీక్షా రాయలేదు. ఖరహరప్రియ ఈసారి 40 నిమిషాలు. మంద్రస్థాయిలో ఊపిరి పట్టిన తీరు అద్భుతం. కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కించి, పైషడ్జం దగ్గర నిలబెట్టినప్పుడు వెనక వరసలో ఒక ముసలాయన "ఆహా" అన్నాడు. కృతి మాత్రం హడావిడిగా అయింది, కల్పనస్వరాల్లో పెళ్లి వేగం దొర్లింది. డోలు తని ఆవర్తనం నిడివి ఎక్కువ. సగంలో పదిమంది లేచి వెళ్లారు. రెండో సన్నాయి కుర్రాడు చివర్లో శ్రుతి వదిలాడు, మళ్లీ దొరకబుచ్చుకున్నాడు. వాడు ఇంకో ఐదారుసార్లు ఇలా కూర్చుని వాయిస్తే చాలా బాగుంటాడు.

వీడియో అబ్బాయి లేడు కాబట్టి ఎవరూ ఆపమనలేదు. అయిపోయాక పెద్దాయన వాద్యం గుడ్డలో చుట్టుకుంటూ, "తని కొంచెం సాగింది కదా" అన్నారు. అవునండీ అన్నాను. నవ్వారు. తర్వాత అడిగారు:

"వచ్చే నెల కూడా ఉందా బాబూ?"

వచ్చే నెల శ్రావణం, ఆయనకి పెళ్లిళ్లుంటాయి. భాద్రపదంలో పెడదామన్నాను. తేదీ ఏదో చెప్పమన్నారు. ఇంకా చెప్పలేదు.