ఆ ఏడుపు ఎవరిది?

జెఫ్రీ మూసాయెఫ్ మాసన్ నాకు ముందు కుక్కల పుస్తకాల రచయితగానే తెలుసు. 'డాగ్స్ నెవర్ లై అబౌట్ లవ్' (1997) హాస్టల్లో చేతులు మారుతూ మారుతూ నా దాకా వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత, 1990లో హార్వర్డ్ వేసిన ధ్వన్యాలోకం ఇంగ్లీషు అనువాదం తెరిస్తే, డేనియల్ ఇంగాల్స్, పట్వర్ధన్‌ల పక్కన అదే పేరు కనపడింది. ఎవరో ఇంకొక మాసన్ అయ్యుంటాడనుకున్నాను. కాదు, ఆయనే.

1941లో షికాగోలో పుట్టాడు. హార్వర్డ్‌లో సంస్కృతం చదివి, టొరంటోలో సంస్కృతం ప్రొఫెసర్ అయ్యాడు. తర్వాత సైకోఎనాలిసిస్ నేర్చుకుని ఫ్రాయిడ్ ఆర్కైవ్స్‌లో పెద్ద పదవిలోకి వెళ్ళాడు. 1981లో ఆ ఉద్యోగం ఊడింది. 1995లో సూజన్ మెకార్తీతో కలిసి 'వెన్ ఎలిఫెంట్స్ వీప్' రాశాక ఇక జంతువుల్ని వదల్లేదు. ఆయన్ని నిలకడ లేని మనిషిగా చూడటం తేలిక. నాకు మాత్రం ఈ మూడు జీవితాల్లోనూ ఆయన ఒకే ప్రశ్న వెంట తిరిగాడనిపిస్తుంది. ఏడుపు వినపడుతోంది సరే, అది ఎవరిది?

క్రౌంచ పక్షుల కథ మనకి కొత్త కాదు. బోయవాడి బాణానికి జంటలో ఒకటి కూలింది. రెండోది ఏడ్చింది. వాల్మీకి శోకం శ్లోకమైంది. రామాయణంలో చచ్చింది మగపక్షి. ధ్వన్యాలోకం దగ్గరికొచ్చేసరికి ఆడపక్షి చచ్చి మగపక్షి ఏడుస్తుంది. ఈ తేడా మీద పండితులు బోలెడు సిరా ఖర్చు పెట్టారు. మాసన్ కూడా 1969లో, ఇంతకీ ఆ క్రౌంచాన్ని చంపిందెవరు అనే అర్థమొచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశాడు. అభినవగుప్తుడి వాదన ఇంకా లోతైనది. ఆ శోకం మునిది అనుకోకూడదంటాడు. ముని నిజంగా దుఃఖంలో మునిగిపోతే శ్లోకం పుట్టదు. ఆయన అనుభవించింది కరుణ రసం. వాదన అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇంత చర్చలో ఆ పక్షి ఏమైంది? మగదా ఆడదా అని వాదించుకున్నాం, దాని దుఃఖాన్ని రసంగా మార్చుకున్నాం, దాన్ని చెట్టు కిందే వదిలేసి వచ్చేశాం.

1984లో వచ్చిన 'ది అసాల్ట్ ఆన్ ట్రూత్'ని ఈ వెలుగులో చదవండి. చిన్నప్పుడు తమ మీద లైంగిక అత్యాచారం జరిగిందని పేషెంట్లు చెబితే ఫ్రాయిడ్ 1896లో నమ్మాడు. తర్వాత వెనక్కి తగ్గి, వాటిలో చాలావరకు ఊహలన్నాడు. ధైర్యం చాలకే వెనక్కి తగ్గాడని మాసన్ ఆరోపణ. ఫ్రాయిడ్ ఉద్దేశాన్ని అంత కచ్చితంగా ఎలా తేల్చావని చరిత్రకారులు ఆయన్ని నిలదీశారు, అది న్యాయమే. అయినా ఇక్కడా ఒకరి బాధని ఇంకొకరు సిద్ధాంతంగా మార్చుకోవడమే ఆయన్ని కలవరపెట్టిందని నాకనిపిస్తుంది.

జంతువుల పుస్తకాలకి బలం అక్కడి నుంచే వచ్చింది. డార్విన్ 1872లోనే జంతువుల భావోద్వేగాల గురించి పుస్తకం రాశాడు. ఆ తర్వాత శాస్త్రం చాలాకాలం ఆ మాట ఎత్తడానికే సిగ్గుపడింది. ఏనుగు 'దుఃఖించింది' అని రాస్తే మనిషి గుణాలు అంటగట్టావంటారు. అసలు దుఃఖమే లేదనుకోవడం కూడా ఒక ఊహేగా అని మాసన్ అడుగుతాడు. ఈ ప్రశ్న పాతబడలేదు.

జవాబుల దగ్గరే నాకు పేచీ. జేన్ గుడాల్ చూసిన ఫ్లింట్ అనే చింపాంజీనే తీసుకోండి. 1972లో తల్లి ఫ్లో చనిపోయాక తిండి మానేసి, నెల తిరక్కుండానే పోయాడు. దిగులు వల్లే జబ్బుని తట్టుకోలేకపోయాడని గుడాల్ అంది. ఆ మాట వెనక ఏళ్ళ తరబడి అడవిలో కూర్చుని చూసిన చూపుంది. మాసన్ దగ్గర అలాంటి సాక్ష్యమూ, ఎవరో పెంపుడు కుక్క గురించి మురిసిపోతూ చెప్పిన కబురూ ఒకే తక్కెడలో తూగుతాయి. పైగా కుక్కలు ప్రేమ విషయంలో అబద్ధం చెప్పవు అన్నప్పుడు అది కుక్క గురించిన మాటేనా, మనుషుల మీద విసిగిపోయిన మనిషి మాటా? కుక్కని మహాత్ముణ్ణి చేయడం కూడా దాన్ని చూడకపోవడమే. అభినవగుప్తుడు పక్షిని రసంలో మరిచిపోతే, మాసన్ అప్పుడప్పుడు కుక్కని ఆరాధనలో మరిచిపోతాడు.

అలాగని ఆయన్ని పక్కన పెట్టేయలేకపోవడానికి కారణం 2003లో వచ్చిన 'ది పిగ్ హూ సాంగ్ టు ద మూన్'. పందులు, కోళ్ళు, గొర్రెలు, ఆవులు, అంటే మనం తినేవాటి, పాలు పిండుకునేవాటి పుస్తకం. తల్లి ఆవునీ దూడనీ విడదీయడం గురించి చదువుతుంటే అమ్మమ్మ వాళ్ళ చావిడి గుర్తొచ్చింది. ఒక ఏడాది గేదె ఈనిన కొన్నాళ్ళకే దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు. తోలులో ఎండుగడ్డి కూరి కుట్టించి దాని ముందు నిలబెట్టారు. గేదె వాసన చూసింది, నాకింది, చేపింది. నాకు నవ్వొచ్చింది. "ఎంత పిచ్చిది అమ్మమ్మా, గడ్డి బొమ్మని కూడా కనిపెట్టలేదు!" అన్నాను. అమ్మమ్మ చెంబు పక్కన పెట్టి, "దానికి తెలీదనుకున్నావా?" అంది. ఇంకేం చెప్పలేదు.

మాసన్ అయితే అక్కడ ఒక అధ్యాయం రాసేవాడు. గేదెకి తెలుసనీ, దుఃఖిస్తోందనీ, అయినా క్షమించిందనీ తేల్చేసేవాడు. ప్రయోగశాల మనిషైతే వాసనకి హార్మోను స్పందించింది అనేవాడు. అమ్మమ్మ ఈ రెండూ అనలేదు. తెలిసి ఉండొచ్చు అన్న అనుమానంతోనే రోజూ పాలు పితికింది. ఆ పాలు నేనూ తాగాను. గేదె మనసులో ఏముందో నేనిప్పటికీ చెప్పలేను. కానీ ఆ చావిడిలో అబద్ధమాడింది ఎవరో మాత్రం నాకు తెలుసు.

అందుకే మాసన్‌ని చదవమంటాను, ఆయన జవాబుల్ని నమ్మడానికి కాదు. మనం ఎప్పుడో వదిలేసొచ్చిన ఆ చెట్టు దగ్గరికి ఆయన మళ్ళీ తీసుకెళ్తాడు. రెండో పక్షి అక్కడే ఉంది. ఇంకా అరుస్తూనే ఉంది.