పొంచి కొట్టే దెబ్బకూ ఒక లెక్కుంది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్ర పట్టి మాటలతో, పాచికలతో ఆడతారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చిన నాటి నుంచీ ఇందులో ఒక చిక్కుంది: పొంచి ఉండి మీద పడ్డవాడికి ఎంత మొగ్గు ఇవ్వాలి?

తొలి పుస్తకాల్లో ఇది అదృష్టం పాలే. ఆరు ముఖాల పాచిక వేస్తే, ఒకటో రెండో పడ్డవాడు ఏమరుపాటున దొరికినట్టు. 2014 నాటి కూర్పు నేర్పుకి విలువిచ్చింది. దాక్కున్నవాడి నేర్పునీ ఎదుటివాడి ఎరుకనీ పోల్చి చూస్తారు. పసిగట్టలేనివాడు తన మొదటి వంతులో కదలడానికి లేదు, కొట్టడానికి లేదు. న్యాయమే, కానీ ఆ పాత్ర ఆడేవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి. 2024లో దీన్ని తిరగరాశారు. ఏమరినవాడు వంతుల వరస తేల్చే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి, తక్కువ పడ్డది తీసుకోవాలి. అంతే. వంతు పోదు, వెనకబడే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ఈ చిన్న మార్పులోని పనితనం కోరుకొండ తీర్థానికి వెళ్లేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అక్కడ కొండ మీద ఉన్నది లక్ష్మీనరసింహస్వామి కదా. ఆయన చేతిలో పోయిన హిరణ్యకశిపుడి వరమే ఒక నియమావళి: వాణ్ని చంపడానికి ఇంటా బయటా, పగలూ రాత్రీ, నేలా నింగీ, మనిషీ మృగమూ, ఏ ఆయుధమూ పనికిరావు. స్వామి వాటిలో ఒక్కటీ మీరలేదు. సందెవేళ, గడప దగ్గర, తొడ మీద, గోళ్లతో పని కానిచ్చాడు. ఇది అందరూ మెచ్చుకునేదే. నాకు ఇంకా నచ్చేది భాగవతం సప్తమ స్కంధంలో ఆ పోరు నడిచిన తీరు.

శత్రువు అంతటా ఉన్నాడని హిరణ్యకశిపుడికి కొడుకు ముందే చెప్పాడు. స్తంభాన్ని గుద్దిందీ తనే. అయినా అప్పుడు పుట్టిన భీకర ధ్వని ఎక్కణ్నుంచి వచ్చిందో పోల్చుకోలేకపోయాడు. ఏమరుపాటంటే అదే. కానీ స్వామి కనబడ్డాక దానవుడు కొయ్యబారిపోలేదు. గద ఎత్తి మీదికి ఉరికాడు. చిక్కినట్టే చిక్కి పట్టు జారిపోతే దేవతలు హడలిపోయారు. కత్తీ డాలూ అందుకుని మళ్లీ కలియబడ్డాడు. గడప దగ్గరికి చేరింది ఆ తర్వాతే.

స్తంభం పగలగానే వాడి కథ ముగిసిపోతే దేవతలకు హడలే పని ఉండేది కాదు, వినేవాళ్లకు ఊపిరి బిగబట్టే పనీ ఉండేది కాదు. కొత్త నియమం ఈ కిటుకునే పట్టుకుంది. దీనికో ధర ఉంది: ఏమరినవాడికి రెండుసార్లూ పెద్ద అంకె పడితే, పొంచినవాడి కన్నా ముందే వాడు కదలొచ్చు. అంత ఓపిగ్గా దాక్కున్నవాడు గొణుక్కుంటాడు. గొణుక్కోనీ. ఇద్దరికీ ఆడే వంతు దక్కింది.