అర్ధశక్తి: వైద్యుని కొలత, మల్లుని కొలత

ప్రాచీన భారతంలోనూ గ్రీసులోనూ వ్యాయామం, మల్లవిద్య, వైద్యం ఒకే ఆరోగ్యదృష్టికి మూడు ముఖాలని చెప్పడం క్రీడాచరిత్ర రచనల్లో పరిపాటి అయింది. మూలగ్రంథాలను నిశితంగా పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయం వ్యాయామానికి విధించిన హద్దు ‘బలార్ధం’, అనగా ఎవరి శక్తిలో వారికి సగం. ఆ సగాన్ని గుర్తించే పద్ధతి విశేషమైనది. హృదయస్థానంలోని వాయువు నోటికి చేరినప్పుడు, అంటే రొప్పు మొదలైనప్పుడు, ఆగిపోవాలి. ఎత్తిన బరువుతో గాని తీసిన దండేల లెక్కతో గాని దీనికి నిమిత్తం లేదు. కొలమానం శరీరంలోనే ఉంది. హద్దు మీరితే క్షయం, దప్పిక, రక్తపిత్తం, దగ్గు, జ్వరం కలుగుతాయి. ఏనుగును ఈడ్వబోయిన సింహంలా నశిస్తాడని చరకసంహిత కూడా అతివ్యాయామం చేసేవానిని హెచ్చరించింది.

మల్లునికి ఈ నియమం పొసగదు. గోదాలో ఆగవలసిన క్షణాన్ని నిర్ణయించేది అతని ఊపిరి కాదు, ప్రత్యర్థి. 12వ శతాబ్దికి చెందిన చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసం మల్లుల పోషణను రాజవినోదాల్లో చేర్చింది. వారికి పప్పుధాన్యాలు, మాంసం, పాలు సమకూర్చడం రాజు బాధ్యత. ఆ దేహపుష్టి రాజు వేడుక కోసం.

గ్రీకు రచనల్లో ఈ భేదం బాహాటమైన కలహంగా మారింది. క్రీ.శ. 2వ శతాబ్దిలో గాలెన్ పెర్గమాన్‌లో గ్లాడియేటర్లకు వైద్యం చేసినవాడు. అతని విమర్శ దూరం నుంచి చేసినది కాదు. మల్లుల దేహస్థితిని ఆరోగ్యంగా అతడు అంగీకరించలేదు. చిన్న బంతి ఆటను మెచ్చుకుంటూ ఏకంగా ఒక లఘుగ్రంథమే రాశాడు. తరువాతి శతాబ్దిలో ఫిలోస్ట్రాటస్ వ్యాయామశిక్షణను స్వతంత్ర విద్యగా సమర్థించాడు. అయినా నాలుగు రోజుల శిక్షణచక్రాన్ని గుడ్డిగా పాటించిన ఒక శిక్షకుడు, విందులో మితిమీరి నలతగా ఉన్న గెరెనస్ అనే మల్లుని చేత సాధన చేయించి అతని మరణానికి కారకుడైన ఉదంతాన్ని నమోదు చేసింది ఈ సమర్థకుడే.

సుశ్రుత, గాలెన్ల పోలికను ఇంతకు మించి సాగదీయడం సమంజసం కాదు. గాలెన్ ఎదుట శిక్షకులనే పోటీవర్గం ఉంది. సుశ్రుతసంహితలోని ఆ అధ్యాయంలో అటువంటి ప్రతివాది లేడు. వయస్సు, బలం, దేశం, కాలం, ఆహారం మాత్రమే ప్రస్తావనకు వస్తాయి.

ఈ గ్రంథాల్లో మల్లుని సొంత గొంతు వినిపించదు. తెలుగునేలకు సంబంధించి థర్‌స్టన్ 1909లో ప్రచురించిన సంపుటాల్లో ఒక ఆధారం దొరుకుతుంది. అందులోని కులవర్గీకరణ వలసపాలన దృష్టితో చేసినదే. అయినా మల్లవృత్తికి చెందిన జెట్టిలు తెలుగు జిల్లాల్లో ఒళ్లు పట్టి, లేపనాలు రుద్ది నరాల నొప్పులు నయం చేసేవారని అక్కడ ఉంది. అంటే సంహితాకర్త అతిశ్రమగా భావించే సాధన చేసేవారే ఊళ్లో చికిత్సకులు కూడా. సంహితల శ్లోకాలతో మొదలై అక్కడే ముగిసే వ్యాయామచరిత్రల్లో ఈ చేతివైద్యానికి ఒక్క పేరా కూడా దక్కడం లేదు.