విలంబ కాలంలో స్టైన్జ్

తోటలో నడిచే నమూనా రైలు అందమంతా అది కదిలే తొలి క్షణంలో ఉంది. గులాబీ పాదుల చుట్టూ ఎంత జోరుగా తిరిగినా కళ్లు కాసేపటికి అలవాటు పడిపోతాయి. ఆగి ఉన్న చక్రం చలనంలోకి జారే ఆ ఘడియకు మాత్రం మనసు అలవాటు పడదు. ఆ ఘడియను మనకు చూపించేది ఇంజిన్ కాదు, గోడవార నీడలో కూర్చున్న కంట్రోలర్.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఈ పెద్ద నమూనా రైళ్లను తెచ్చింది. 45 మిల్లీమీటర్ల ఎడంతో ఇత్తడి పట్టాలు, ఎండకూ వానకూ ఓర్చే ఒళ్లు. ఆ తోటల ముద్దుబిడ్డ స్టైన్జ్. ఆస్ట్రియాకు చెందిన 1892 నాటి చిన్న ఆవిరి ఇంజిన్‌కు ప్రతిరూపం.

పాత తరహా కంట్రోలర్ నిరోధకంతో కరెంటును అడ్డగిస్తుంది. బయలుదేరేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు అడుగుతుంది, సరిగ్గా అప్పుడే వోల్టేజి పడిపోతుంది. అందుకే బండి ఎంతకీ కదలదు, కదిలిందంటే ఎగిరి దూకుతుంది. పల్స్ పద్ధతి కంట్రోలర్ అలా కాదు. పూర్తి వోల్టేజిని చిటికెలు చిటికెలుగా పంపుతుంది. నాబ్ తిప్పితే పెరిగేది చిటికె నిడివే. పొట్టి చిటికైనా బిగుసుకున్న మోటారును నిండు బలంతో తట్టి లేపుతుంది.

నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పి చూడండి. ముందు దీపం వెలుగుతుంది, బండి ఇంకా అక్కడే ఉంటుంది. ఆపైన పిస్టన్ కడ్డీ సిలిండర్‌లోకి జారుతుంది. చక్రాలను కలిపే కడ్డీ పైకి లేచి, శిఖరం దాటి, కిందికి ఒదుగుతుంది. చక్రం చువ్వల సందుల్లోంచి వెనకున్న గులకరాళ్లు ఒక్కొక్కటే కనబడి మరుగవుతాయి. ద్రుతంలో దాటిపోయే గమకాలు విలంబ కాలంలో విడివిడిగా వినబడ్డట్టు, ఇంజిన్ ఒంటిలోని ప్రతి కీలూ అప్పుడే పరిచయమవుతుంది.

చిటికెకూ చిటికెకూ నడుమ ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో తిరుగుతున్న మోటారే డైనమో అయి, తన వేగానికి తగిన వోల్టేజి పుట్టిస్తుంది. మేలురకం కంట్రోలర్లు దాన్ని చదువుతాయి. ఎత్తు ఎక్కుతూ బండి అలసిందని తెలిస్తే తర్వాతి చిటికెను కాస్త సాగదీస్తాయి. ఇంత సున్నితమైన శ్రద్ధ ఒక యంత్రంలో చూడటం నాకు పరమానందం. చిటికెల పౌనఃపున్యం తక్కువైతే మోటారు సన్నగా గుర్రుమంటుంది, కొందరికి గిట్టదు. నాకది ఇష్టం.

ఆ తొలి కదలిక సాఫీగా రావాలంటే ఒక ఆంపియర్ కంట్రోలర్ తీసి ఐదు ఆంపియర్లది పెట్టినంత మాత్రాన అయిపోదు. పట్టాల అతుకుల్లో కిలుము తుడవాలి, దూరంగా ఉన్న మలుపుకు విడిగా తీగ లాగాలి.

కొన్ని కంట్రోలర్లలో వేగాన్ని తనంతట తానే మెల్లగా పెంచే మీట ఉంటుంది. దాన్ని ఆపేయమంటాను. వేళ్లు తిప్పితేనే ఒక్కో బయలుదేరడం ఒక్కోలా ఉంటుంది: వెనక ఖాళీ పెట్టెలుంటే ఒకలా, వాటిలో గులకరాళ్లు నింపితే ఇంకోలా.