బేరిగై పాఠకుడు, తెలుగు విజ్ఞాన రచన

తెలుగులో జనరంజక విజ్ఞాన రచనను గురించి విమర్శ వచ్చినప్పుడల్లా చర్చ పారిభాషిక పదాల దగ్గర మొదలై చాలావరకు అక్కడే ఆగిపోతుంది. సంస్కృత సమాసాలు వాడాలా, ఇంగ్లీషు మాటలే ఉంచాలా, తెలుగు మాటలు కల్పించాలా అన్న తగవు పాతదే. ఈ రచనలు ఎవరికోసం అన్న ప్రశ్న మాత్రం అంతగా వినబడదు. తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులు మా పాఠకులు కాబట్టి, ఆ ప్రశ్న ఇక్కడ వేయడం సబబని భావిస్తున్నాం. పాఠకుణ్ణి గాలిలో ఊహించుకోకుండా ఒక ఊళ్ళో నిలబెట్టి చూద్దాం. ఆ ఊరు బేరిగై.

కృష్ణగిరి జిల్లాలో, హోసూరుకు చేరువలో, కర్ణాటక సరిహద్దు పక్కన ఉన్న ఊరిది. ఈ ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వీధిలో వినిపిస్తాయి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం 2006–07 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ వచ్చారు. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదు. మనకు కావలసినది దాని పర్యవసానం: ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలలో చాలామందికి సైన్సు మాటలు ముందుగా తమిళంలోనో ఇంగ్లీషులోనో పరిచయమవుతాయి. అటువంటి పాఠకుడు తెలుగులో సైన్సు చదివితే పరీక్షకోసం చదవడు, ఇష్టపడి చదవాలి. ఇష్టపడి వచ్చినవాణ్ణి మొదటి పేజీలోనే పోగొట్టుకోవడం చాలా సులువు.

ఇందులో ఒక విచిత్రముంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి కొద్దికాలానికే మద్రాసు చేరింది. కొడవటిగంటి కుటుంబరావు మద్రాసులో ‘చందమామ’ పని చూస్తూనే వైజ్ఞానిక వ్యాసాలు రాశారు. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. మహీధర నళినీమోహన్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉండి రాశారు. 2022లో మరణించిన వేమూరి వేంకటేశ్వరరావు కాలిఫోర్నియాలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తూ రాశారు. అంటే తెలుగు విజ్ఞాన రచనలో గణనీయమైన భాగం ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాలకు వెలుపలే పుట్టింది. అయినా ఈ రచనలు సాధారణంగా ఎదుట ఉంచుకొన్న పాఠకుడు తెలుగు మాధ్యమంలో పాఠాలు చదివినవాడని మాకు తోస్తుంది. దూరాన ఉండి రాసినవారు ఎక్కువ. దూరాన ఉండి చదివేవారిని తలచుకొని రాసినది తక్కువ.

ఇప్పుడు మాటల సంగతి చూద్దాం. మొక్క ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకొనే పనిని మన పుస్తకాలు ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటాయి. బేరిగై పిల్లవాడు బడిలో విన్న తమిళపు మాట ‘ఒళిచ్చేర్క్కై’. ‘ఒళి’ అంటే వెలుగు, ‘చేర్క్కై’ అంటే చేర్పు. అది మన ‘చేర్చు’కు దగ్గరి చుట్టమే. తెలుగు సమాసంలోని నాలుగు ముక్కలూ సంస్కృతం. అలాగని దాన్ని పారేయమనడం మా ఉద్దేశం కాదు. కిరణాల వల్ల జరిగే కలయిక అన్న అర్థం అందులో స్పష్టంగానే ఉంది, తరాలుగా బడుల్లో స్థిరపడింది కూడా. మా ఆక్షేపణ వేరు. రచయిత ఆ సమాసాన్ని విప్పి చూపకుండా, పాఠకుడికి ముందే తెలుసునన్న ధీమాతో ముందుకు సాగిపోతాడు. విప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యమూ బేరిగై పాఠకుడికి ద్వారబంధం.

అర్థం పైకి కనిపించే మాట మంచిదని కూడా ఎల్లప్పుడూ అనుకోవడానికి లేదు. ఆక్సిజన్‌కు మన పెద్దలు ‘ఆమ్లజని’ అని పేరు పెట్టారు. ఆమ్లాలను పుట్టించేది అని అర్థం. లావోయిజే 18వ శతాబ్దిలో గ్రీకు ధాతువులతో కట్టిన పేరుకు అది సరైన అనువాదమే. ఆమ్లాలన్నిటిలోనూ ఆ వాయువు ఉంటుందని ఆయన నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. తప్పు తేలినా పేరు నిలిచిపోయింది. అనువాదం ఎంత నమ్మకంగా చేస్తే ఆ పొరపాటు తెలుగులోకి అంత నమ్మకంగా వచ్చింది. ‘కలనయంత్రం’ వంటి మాటలతో వేమూరివారు చేసిన కృషి తెలుగుకు శాస్త్రం చెప్పే సత్తువ ఉందని చూపడానికి తోడ్పడింది. అందులో సందేహం లేదు. కాని ‘కంప్యూటర్’ అని రోజూ అనే పాఠకుడికి ‘కలనం’ అంటే ఏమిటో మళ్ళీ చెప్పవలసివస్తుంది. తెలిసిన వస్తువుకు తెలియని పేరు పెట్టడం వల్ల కలిగే లాభం భాషకే తప్ప పాఠకుడికి కాదు.

ఇక్కడే మరొక చిక్కు. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు, తెలంగాణలో తైదలు అంటారు. తమిళంలో ‘చోళం’ అంటే జొన్న. విశాఖ వైపు రచయిత చోళ్ళను గురించి రాసిన వ్యాసం బేరిగైలో జొన్నను గురించిన వ్యాసంగా అర్థమయ్యే ప్రమాదముంది. తేలిక మాట వాడాను కదా అని రచయిత నిశ్చింతగా ఉంటాడు.

రాగుల మీదనే ఒక పరీక్ష పెట్టి చూద్దాం. బెంగుళూరు వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయానికి చెందిన శైలజా హిట్టల్‌మణి బృందం రాగి జన్యుక్రమాన్ని చదివి 2017లో ప్రకటించింది. బేరిగై నుంచి ఒకపూట ప్రయాణమంత దూరంలో, బేరిగైలో రోజూ తినే గింజ మీద జరిగిన పరిశోధన ఇది. దీన్ని ‘చతుస్థితిక సస్యపు జన్యుపటల ఆవిష్కరణ’ అని రాయవచ్చు, తప్పేమీ ఉండదు. కాని మరో విధంగానూ చెప్పవచ్చు. మనిషి కణంలో క్రోమోసోములు 46, రెండు జట్లు. వరికి 24, అవీ రెండు జట్లే. రాగికి 36, జట్టుకు తొమ్మిది చొప్పున నాలుగు జట్లు. రెండు వేర్వేరు గడ్డిజాతులు ఏనాడో కలిసిపోవడం వల్ల ఇలా అయింది. దాదాపు ఒకేలా ఉన్న రెండు పుస్తకాలను చింపి, ముక్కలు కలిపేసి, ఏ ముక్క దేనిదో ఏర్చి అతకమన్నట్టు ఉంటుంది ఆ పని. వరి జన్యుక్రమం 2005 నాటికే పూర్తికాగా రాగిది ఆలస్యం కావడానికి ఇదొక కారణం. బెంగుళూరువారు సుమారు 120 కోట్ల అక్షరాల మేర అతికారు. వారు ఎంచుకొన్న ఎం.ఎల్.-365 కరువునూ అగ్గితెగులునూ తట్టుకొనే రకం. ఆ ఓర్పు ఏ జన్యువులలో ఉందో పట్టుకోగలిగితే కొత్త రకాల తయారీ సులువవుతుందని ఆశ. ఇది ఆశే, ఇంకా పంట కాదు. ఆ తేడా చెప్పడం కూడా రచయిత బాధ్యతే.

పై పేరాలో ‘క్రోమోసోము’ ఇంగ్లీషు, ‘జన్యువు’ సంస్కృతం, ‘అగ్గితెగులు’ తెలుగు. మూడూ ఒకచోట ఇమిడాయంటే కారణం విషయం వరసగా నడవడమే. ‘అగ్గితెగులు’ అన్న మాట రైతుకూ శాస్త్రవేత్తకూ ఒకటే. ఆకుమీద నిప్పు తగిలినట్టు కనబడే మచ్చే ఆ పేరుకు ఆధారం. అటువంటి మాటలు కల్పించనక్కరలేదు, ఏరుకోవాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల ‘మాండలిక వృత్తి పదకోశం’ ఆ పని ఎలా చేయాలో చూపింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించిన సేకరణ. హోసూరు వైపు పొలాల మాటలు అందులోకి రాలేదు.

నళినీమోహన్ రచనలు నేటికీ ఎందుకు నిలుస్తున్నాయో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ‘కాలెండర్ కథ’, ‘గ్రహణాల కథ’ అని పేర్లు పెట్టడంలోనే ఆయన పద్ధతి ఉంది. ఏది తెలిసిందో చెప్పి ఊరుకోకుండా ఎలా తెలిసిందో చెప్పడం ఆ పద్ధతి. ఎలా తెలిసిందో చెప్పినప్పుడు కొత్త మాట అవసరమైన చోటనే వస్తుంది, అర్థాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. వార్తగా వచ్చే విజ్ఞానంలో ఈ గుణం కొరవడుతోందని మా అభిప్రాయం. ఫలితం ఒక్కటే చెబితే పాఠకుడు నమ్మాలి, లేదా మానాలి. దారి కూడా చెబితే అతడు ప్రశ్న వేయగలడు.

మన విద్యార్థులలో రెండు మూడు భాషల మధ్య పెరిగినవారు ఎక్కువ. దాన్ని లోటుగా భావించేవారికి మా సూచన ఒకటే. ఒక తెలుగు విజ్ఞాన వ్యాసాన్ని తీసుకొని, మీ ఊళ్ళో తెలుగు మాట్లాడే పెద్దవారికి చదివి వినిపించండి. ఏ మాట దగ్గర ఆగారో, దానికి బదులు ఏ మాట అన్నారో రాసుకోండి. తమిళంలోనో కన్నడంలోనో ఆ మాట ఏమిటో పక్కన చేర్చండి. హోసూరు తాలూకా నుంచి అటువంటి పట్టిక వస్తే ఈ పత్రికలో ప్రచురించడానికి మేము సిద్ధంగా ఉన్నాం. మొదటి మాటగా రాగులతోనే మొదలుపెట్టవచ్చు.