పాత తుపాకీకి తగిన తూటా

ఇంగ్లండ్ పల్లెల్లో నూరేళ్లు దాటిన 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకులు ఇప్పటికీ చలికాలపు వేటకు బయల్దేరుతాయి. ముత్తాత కొన్న తుపాకీ మునిమనవడి భుజానికి చేరడం అక్కడ వింతేమీ కాదు. దాన్ని తుడిచి మెరిపించడం ఎవరైనా చేస్తారు. అందులో ఏ తూటా వెయ్యాలో తెలియడమే అసలు విద్య. దుకాణంలో 12 బోరు అని రాసి ఉన్న తూటాలు దాదాపు అన్నీ అందులో దూరుతాయి. దూరినంత మాత్రాన అవన్నీ పేల్చదగ్గవి కావు.

పందొమ్మిదో శతాబ్దపు తుపాకులు చాలావరకు పొగ కక్కే నల్లటి తుపాకీమందు కోసం పుట్టినవి. ఆ శతాబ్దం చివరికి పొగలేని మందు వచ్చింది. దానితో ఒత్తిడి హద్దులూ మారాయి. ఇప్పటి యూరప్ ప్రమాణాల్లో 12 బోరు మామూలు తూటా ఒత్తిడికి హద్దు 740 బార్, అధిక శక్తి తూటాకు 1,050 బార్. అమెరికాలో 70 మిల్లీమీటర్ల తూటాకు హద్దు 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). నల్లటి తుపాకీమందు కోసమే పరీక్షించిన గొట్టానికి ఆ హద్దులు వర్తించవు. అలాగని పొగలేని మందంతా ప్రమాదమేనా అంటే, కాదు. మందు రకం, దాని మోతాదు, సీసపు గుళ్ల బరువు, మందుకూ గుళ్లకూ మధ్య పెట్టే వాడ్ అనే అడ్డు, అన్నీ కుదిరితే తక్కువ ఒత్తిడితోనే పని జరుగుతుంది. వాటిలో ఒక్కటి మార్చినా ఒత్తిడి మారిపోతుంది. అందుకే ఇంట్లో సొంత కొలతలతో తూటాలు నింపుకోవడం ఇక్కడ పనికిరాదు.

తుపాకీ తన హద్దును తానే చెబుతుంది. గొట్టాలు విప్పి, వెనక చివర అడుగుభాగం చూస్తే ముద్రలు కనిపిస్తాయి. అవి ప్రూఫ్ హౌస్ అనే పరీక్షాశాలల్లో వేసినవి. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లో రాజపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఈ రెండు చోట్లా ప్రతి తుపాకీనీ మామూలు తూటా కన్నా ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూస్తారు, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. 1896 నుంచి పొగలేని మందుకు విడిగా నైట్రో ప్రూఫ్ ముద్ర వచ్చింది. ఆ ముద్ర లేని గొట్టంలో ఆధునిక తూటా వాడటం ఊహ మీద ఆధారపడటమే. 1954 నిబంధనల తర్వాత చదరపు అంగుళానికి ఇన్ని టన్నుల ఒత్తిడి అని చెక్కేవారు. ఆ టన్నులు పాత పద్ధతిలో కొలిచినవి. వాటిని గుణించి పీఎస్ఐగా మార్చి ఇప్పటి అంకెలతో పోలిస్తే లెక్క తప్పుతుంది.

ముద్ర పడిన నాటి గొట్టం ఇప్పుడూ అలాగే ఉందని నమ్మకూడదు. తుప్పు గుంటలు తీయడానికి లోపల అరగదీస్తే బోరు, అంటే లోపలి వ్యాసం, పెరుగుతుంది, గోడ పలచబడుతుంది. తుపాకీ పని తెలిసినవాడు రెండింటినీ కొలిచి, బోరును ముద్రలోని అంకెతో సరిచూస్తాడు. తూటా సంగతి ఆ తర్వాతే.

తూటా కూర్చునే ఛాంబర్ పొడవు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో అది సాధారణంగా రెండున్నర అంగుళాలు, తూటా పెట్టెల లెక్కలో 65 మిల్లీమీటర్లు. తూటా పెట్టె మీద రాసే పొడవు పేలిన తర్వాతి పొడవు. పేలకముందు దాని మూతి పొట్లంలా మడిచి ఉంటుంది కాబట్టి 70 మిల్లీమీటర్ల తూటా కూడా పొట్టి ఛాంబర్లో హాయిగా దూరుతుంది. పేలగానే ఆ మడత విచ్చుకుని, ఛాంబర్ ముందున్న ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోతుంది. దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. 67.5 మిల్లీమీటర్ల తూటాలు కొన్ని 65 ఛాంబర్‌కు పనికొస్తాయి, కానీ ఆ మాట పెట్టె మీద స్పష్టంగా ఉండాలి.

ఇంకో అపోహ, భుజానికి దెబ్బ తగలకపోతే ఒత్తిడి తక్కువని. వెనక్కి తన్నే దెబ్బ గుళ్ల బరువును, వేగాన్ని బట్టి ఉంటుంది. ఒత్తిడి మాత్రం, మందు ఎంత వేగంగా కాలుతుందనే దాన్ని కూడా బట్టి ఉంటుంది. తేలికపాటి తూటాలోనూ తీవ్రమైన ఒత్తిడి దాగి ఉండొచ్చు. అయినా దెబ్బను తగ్గించడం అవసరమే, వందేళ్ల కర్రమడమ చీలకుండా ఉండాలి కదా. తుపాకీ బరువు గుళ్ల బరువుకు 96 రెట్లు ఉండాలని గ్రీనర్ పేరుతో ఒక సూత్రం ఉంది. ఆ లెక్కన 6 పౌండ్ల తుపాకీకి ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల గుళ్లు చాలు.

డమాస్కస్ గొట్టాలకు మరింత జాగ్రత్త కావాలి. ఇనుము, ఉక్కు కడ్డీలను మెలిపెట్టి, చుట్టచుట్టి, కొలిమిలో అతికినవి అవి. డమాస్కస్ పేరు కత్తులకూ ఉంది: నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కరిగించిన ఉక్కు పర్షియా కత్తులకు పేరు తెచ్చింది. ఈ గొట్టాల మీది చారలు మాత్రం ఆ ఉక్కువి కావు, అతుకులవి. అతుకుల మధ్య దాగిన తుప్పు కంటికి కనబడదు. అందుకే డమాస్కస్ అంతా చెడ్డదనీ, అంతా గట్టిదనీ తేల్చలేం. ఏ గొట్టానికి ఆ గొట్టాన్నే పరీక్షించాలి.

గుళ్ల లోహం సంగతీ చూడాలి. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991లో, ఇంగ్లండ్ 1999లో నిషేధించాయి. సీసానికి బదులు వాడే గట్టి ఉక్కు గుళ్లు పలచని పాత గొట్టాలకు, గొట్టం మూతి దగ్గరి బిగుతైన చోక్‌కు హాని చేస్తాయి. మెత్తని బిస్మత్ వీటికి నయం, దానికీ పొడవు, ఒత్తిడి సరిపోతేనే.

ఒత్తిడి ఎంతో చెప్పని తయారీదారు తూటాను పాత తుపాకీ దగ్గరికి రానివ్వకూడదు. మా తాత ఇదే వాడాడన్న మాట కొలతకు సాటిరాదు. అనుమానం తీరకపోతే లండన్‌కో బర్మింగ్‌హామ్‌కో మళ్లీ పరీక్షకు పంపవచ్చు. అక్కడ గొట్టం పగిలితే నష్టం యజమానిదే. కానీ పగలాల్సిన గొట్టం ప్రూఫ్ హౌస్ గోడల మధ్య పగలడమే మేలు, మనిషి చేతుల్లో కాదు.